నిమ్మాకు మీద గీత, ఉడుము మీద నింద

ఇరవై ఏళ్లుగా పిల్లల చేత తేడాలు రాయిస్తున్నాను. జీవశాస్త్రం మాస్టారుకి అంతకంటే సుఖమైన ప్రశ్న లేదు. మధ్యలో నిలువు గీత గీయండి, ఇటు ధమని, అటు సిర. ఇటు కప్ప, అటు బల్లి. అయిదు తేడాలకి అయిదు మార్కులు. అలాంటి పేపర్లు ఎన్ని దిద్దానో నాకే తెలియదు. కానీ నా జీవితంలో నిజంగా అవసరం పడ్డ తేడా మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఉడుముకీ, నిమ్మాకు పొరలో కాపురముండే నువ్వుగింజంత పురుగుకీ తేడా ఏమిటి? నవ్వకండి. శనివారం లోపు ఆ ప్రశ్నకి జవాబు చూపించకపోతే మా పెరట్లో ఒక ప్రాణం పోయేది.

మేముండేది తిరువూరులో, మా అత్తగారింట్లో. ఇల్లరికమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది, అందుకని ఎవరూ అనకముందే నేనే అనేస్తాను. పెళ్లయిన కొత్తలో అద్దిల్లు దొరికేదాకా ఒక ఆర్నెల్లు అనుకుని ఇక్కడ పెట్టె దించాను. పద్దెనిమిదేళ్లయింది, ఆ ఆర్నెల్లు ఇంకా పూర్తి కాలేదు. మా ఆవిడ విస్సన్నపేటలో చిన్నపిల్లల బడిలో టీచరు. పొద్దున బస్సుకి వెళ్లి సాయంత్రం ఆరింటికి షేర్ ఆటోలో దిగుతుంది. నా బడి ఊళ్లోనే కాబట్టి నాలుగున్నరకే ఇల్లు చేరతాను. ఆ గంటన్నరా ఇంట్లో నేనూ మా అత్తగారూ ఎదురెదురు.

అత్తగారు రిటైరైన నర్సు. ఉద్యోగమంతా ఊరూరా తిరిగి పిల్లలకి సూదులు వేశారు. ఇప్పటికీ బజారులో మీసాలొచ్చిన మగవాళ్లు ఆవిణ్ణి చూసి చెయ్యి వెనక్కి దాచుకుంటారు. నన్ను ఏనాడూ ఒక్క మాట తూలలేదు. "అల్లుడు గారూ" అనే పిలుస్తారు, "మీరు" అనే అంటారు. అంత మర్యాదగా మనిషిని కొట్టిపారేసే విద్య ఇంకెవరికీ రాదు. "మీరు చదువుకున్నవారు, మీకు తెలియదని కాదు గానీ" అని మొదలుపెట్టారంటే నాకేమీ తెలియదని తేలిపోయినట్టే. పద్దెనిమిదేళ్లలో ఆవిడ నోట "మీరన్నది నిజమే" అనే మాట నేను వినలేదు. ఒకసారి వాన పడుతుందన్నాను, అరగంటలో కుండపోతగా కురిసింది. "మీరన్నారని కురిసిందా ఏంటి?" అన్నారు ఆరేసిన బట్టలు తీస్తూ.

ఇక ఉడుము సంగతి. మా పెరటి గోడకి అవతల మామిడితోట. ఇవతల మూలన ఇల్లు కట్టినప్పుడు మిగిలిపోయిన రాళ్ల కుప్ప. ఆ రాళ్ల కింది బొరియలో అదుంటుంది. ముక్కు నుంచి తోక కొస దాకా నాలుగడుగులకి తగ్గదు. ఎండెక్కాక బయటికొచ్చి, సెప్టిక్ ట్యాంకు మీది బండ ఎక్కి బోర్లా పడుకుంటుంది. ఒళ్లు వేడెక్కేదాకా ఉలుకూ పలుకూ ఉండదు. ఆ తర్వాత చీలిన నాలుక ఆడించుకుంటూ, తనిఖీకొచ్చిన ఆఫీసరులా అటూ ఇటూ ఊగుతూ పెరడంతా ఒక చుట్టు చుడుతుంది.

నేను ఈ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే దాన్ని చూశాను. ఇదేనో, దీని తల్లో, నాకు తెలియదు. కొత్తల్లుణ్ణి కదా, ఎక్కడ కూర్చోవాలో, ఏ కుర్చీ ఎవరిదో తెలియక పెరట్లో తచ్చాడుతున్నాను. బండ మీద నుంచి తలెత్తి నన్నొకసారి చూసింది, మళ్లీ తల వాల్చేసుకుంది. ఈ ఇంట్లో నన్ను చూసి ఏ వంకా పెట్టని మొదటి ప్రాణి అదే. అప్పటి నుంచి నాకు అదంటే అభిమానం. దాచుకోవడమెందుకు, ప్రేమే.

అత్తగారికి మాత్రం అదంటే గిట్టదు. రెండేళ్ల కిందట గంప కింద పొదిగేసిన గుడ్లని ఒక్కటి మిగల్చకుండా మింగి పోయింది. ఆ రోజు నుంచి దాని పేరెత్తితే చాలు, "ఆ దొంగముండా?" అంటారు.

ఇద్దరి మధ్యా నిమ్మచెట్టు వచ్చింది. రిటైరైన రోజు ఆసుపత్రి వాళ్లు శాలువాతో పాటు ఆవిడకి ఒక నిమ్మ మొక్క ఇచ్చారు. శాలువా బీరువాలోకి, మొక్క పెరట్లోకి వెళ్లాయి. మొక్క ఏపుగా ఎదిగింది, ముళ్లేసింది, అయిదేళ్లయినా పువ్వు మాత్రం పూయలేదు. అత్తగారు దాని మొదట్లో నిలబడి బతిమాలారు, తిట్టారు, కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఈ ఏడు తొలకరికి పూసింది. ఆగస్టు చివరికి గోళీలంత కాయలు ఆకుల సందున కనిపించాయి. ఆ ఆదివారమే ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరికి నడిచారు. మా వాళ్లంతా ఆయన్ని అయ్యగారనే పిలుస్తారు. "కోత పండక్కి మా తొలికాయలు దేవుడికేనండి, అయ్యగారూ" అని నలుగురి ముందూ మాట ఇచ్చేశారు.

కోత పండుగంటే ఎవరి పంటలో తొలి ఫలం వాళ్లు చర్చికి తెచ్చి ముందు పెట్టే రోజు. బియ్యం, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజులు, అన్నీ వస్తాయి. ఆరాధన కాగానే వాటిని అక్కడే వేలం పాట పెడతారు. మా అత్తగారికి పొలం లేదు. ప్రతి ఏడూ బజారులో కొన్న అరటిపళ్లు పట్టుకెళతారు. కొన్న పళ్లు అక్కడ పెట్టేటప్పుడు ఆవిడ తల వంచుకునే పెడతారు. ఈసారి ఆ బాధ లేదని ఆ మనిషి నడకే మారిపోయింది.

సెప్టెంబరులో వానలు తెరిపిచ్చి చెట్టు కొత్తగా చిగురేసింది. ఒక సోమవారం బడి నుంచి వచ్చి గేటు తీస్తున్నాను.

"అల్లుడు గారూ, చెప్పులు విప్పకండి. ఇటు రండి."

వెళ్లాను. చేతిలో లేత నిమ్మాకు పెట్టారు. ఆకు నిండా వెండి గీత. ఒకచోట మొదలై మెలికలు మెలికలుగా తిరిగి అంచు దాకా పోయింది. ఎండిపోయిన జిగురులా తళతళలాడుతోంది. అంచు ముడుచుకుపోయింది. తలెత్తి చూస్తే ఒక్క ఆకు కాదు, చిగురంతా అంతే.

"ఇదేంటో చెప్పండి."

"పురుగండి, అత్తయ్య గారూ."

"ఏదీ?"

ఆకు తిప్పి చూశాను. ఎండకి పట్టి చూశాను. ఇంకో ఆకు తెంపాను, ఇంకోటి తెంపాను. గీత ఉంది, పురుగు లేదు. ఆకు తొలిచే పురుగు అని పుస్తకంలో రెండు వాక్యాలుంటాయి, ఇరవై ఏళ్లుగా అవే చెబుతున్నాను. అది ఎక్కడుంటుందో, ఎంతుంటుందో నేను కళ్లతో చూసిన పాపాన పోలేదు.

"మీరు చదువుకున్నవారు, మీకు తెలియదని కాదు గానీ," అన్నారు అత్తగారు. నాకు అప్పుడే అర్థమైపోయింది. "ఇది ఉడుము పని."

నవ్వాను. పడీ పడీ నవ్వాను. ఆ వారమంతటికీ నేను చేసిన ఘోరమైన తప్పు అదే. ఆవిడ నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుని చెట్టు మొదటికి తీసుకెళ్లారు.

"నిన్న మధ్యాన్నం ఇక్కడే ముందుకాళ్లు రెండూ మానుకి ఆనించి నిలబడింది. నా కళ్లతో చూశాను. ఇయ్యిగో గోళ్ల గీతలు. రాత్రి చెట్టెక్కి లేతాకులన్నీ నాకింది. దాని జిగురే ఇది. నాలిక చీలి ఉంటది కదా, అందుకే గీత వంకర్లు పోయింది."

"నత్త అయ్యుండొచ్చు కదండీ?"

"నత్తకి గోళ్లుంటాయా?"

"అది ఆకుల జోలికి పోదండి. పురుగులు, ఎలుకలు, గుడ్లు..."

"గుడ్లు! ఇప్పుడొచ్చారు దారికి."

"అయినా రాత్రిపూట పడుకుంటుందండి అది. ఎండ తగిలితేనే దాని ఒళ్లు కదిలేది."

"మీరు చూశారా? రాత్రి మీరూ పడుకునే ఉంటారు కదా."

ఉడుము పట్టు ఉడుముకి మాత్రమే ఉంటుందని అన్నవాడు మా అత్తగారిని చూసి ఉండడు.

ఆ పూట అన్నం దగ్గర నా కోపం కంచం మీదికి మళ్లింది. మా ఆవిడ నవ్వుతూనే ఉంది. "అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ఆ కంచాన్నెందుకండీ అట్టా పడేస్తారు? అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఉడుమేమన్నా మిమ్మల్ని వకీలుగా పెట్టుకుందా?"

మర్నాటికి నవ్వులాట కాస్తా ముదిరింది. నేను బడిలో ఉండగా అత్తగారు ఎవర్నో అడిగి, వినగడప వైపు ఉచ్చులు వేసే ఒకాయన నంబరు సంపాదించి ఫోన్ చేసేశారు. శనివారం పొద్దున్నే వస్తానన్నాడట.

"ఉడుముని పట్టడం నేరం అండి. కేసవుతుంది," అన్నాను.

"చంపమన్నానా ఏంటి? పట్టుకెళ్లి కొండల్లో వదలమన్నా."

ఆవిడ నిజంగానే అలా నమ్మారు. నేను నమ్మలేదు. ఉడుము చేతిలో పడ్డాక కొండదాకా మోసుకెళ్లి వదిలిపెట్టే పుణ్యాత్ముడు ఎవడుంటాడు? అది కొండకి కాదు, కూరకే పోతుంది. ఆ మాట పైకి అనేశాను కూడా. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించారు. కానీ కోత పండుగ గుర్తొచ్చినట్టుంది, మొహం మళ్లీ బిగుసుకుంది.

"శనివారం లోపు ఆ పురుగేదో నా కళ్లకి చూపించండి, అల్లుడు గారూ. చూపిస్తే ఆయన్ని రావద్దంటాను. దాన్ని పట్టించడం నాకేం సరదానా?"

బుధవారం బడి కాగానే పురుగుమందుల కొట్టుకి పరిగెత్తాను. కొట్టాయన ఆకు వంక చూడను కూడా చూడలేదు. "పాముపొడ సార్ అది. మందిస్తా, లీటరుకి ఇంత కలిపి కొట్టండి," అన్నాడు. నాకు మందొద్దు నాయనా, పురుగు కావాలి అంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఇంటికొచ్చి, బుద్ధి గడ్డి తిని, రైతులు దీన్ని పాముపొడ అంటారట అని అత్తగారితో అన్నాను.

"చూశారా!" అన్నారు ఆవిడ. "పాము దాకా వచ్చారు. ఇంకో అడుగేస్తే ఉడుమే."

గురువారం బడిలో సూక్ష్మదర్శిని దించి దుమ్ము దులిపాను. అద్దానికి బూజు పట్టి ఉంది. ఆకు పెడితే మబ్బు కనిపించింది. ఇక లాభం లేదని ఇంటికొచ్చి, గుండుసూది తీసుకుని వరండాలో కూర్చున్నాను. గీత చివర ఆకు పొర కింద ఏదో లేత పసుపు రంగు నలుసులా ఉన్నట్టు మొదటిసారి అనిపించింది. ఆకు మీద కాదు, లోపల! ఇన్నాళ్లూ తలుపు తియ్యకుండా ఇంట్లో ఎవరూ లేరన్నానన్న మాట. పొర ఎత్తబోయాను. నా చెయ్యి మోటుది, గుండుసూది మొద్దుది, ఆకు చిరిగి పచ్చటి తడి మిగిలింది. రెండో ఆకూ అంతే. పదకొండు ఆకులు నాశనం చేశాను. అంచులు ముడుచుకున్న ఆకులు కొన్ని మాత్రం ముట్టుకోకుండా ఖాళీ కాఫీపొడి సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి అలమరలో పెట్టాను. పుస్తకం ప్రకారం ఆ మడతలోనే అది గూడు కట్టుకుని రెక్కల పురుగవుతుంది. అవుతుందో లేదో, శనివారానికవుతుందో ఆదివారానికవుతుందో చెప్పేవాళ్లెవరు?

శుక్రవారం సాయంత్రం పరువు పక్కన పెట్టేశాను. నాలుగు ఆకులు, చదువుకునే కళ్లద్దాలు పట్టుకుని అత్తగారి గదికి వెళ్లాను.

"అత్తయ్య గారూ, మీ దగ్గర ఇంజెక్షన్ సూది ఉందా?"

"ఎందుకు?"

"పురుగు దొరికిందండి. నా చేతికి బయటికి రావట్లేదు. మీ చెయ్యి కావాలి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత లేచి, బీరువాలో నుంచి స్టీలు డబ్బా తీశారు. అందులో ఇంకా సీలు తియ్యని సన్న సూదులున్నాయి. చేతులు సబ్బుతో కడుక్కున్నారు. పురుగుకి ఇన్ఫెక్షన్ ఏమొస్తుందని అడగబోయి నోరు మూసుకున్నాను. బైబిలు చదువుకునే భూతద్దం నా చేతికిచ్చి, "కదలకుండా పట్టుకోండి" అన్నారు. ఆకుని ఎడమ అరచేతిలో పరుచుకుని, పసిబిడ్డ చర్మం కింద సూది దించినంత నెమ్మదిగా ఆ వెండి పొర కిందికి పోనిచ్చారు. పొర లేచింది. కింద నుంచి తల ఊపుకుంటూ ఒక నలుసు బయటికొచ్చింది. లేత పసుపు, బియ్యపు నూకలో సగం కూడా లేదు.

"అయ్యో దేవా," అన్నారు అత్తగారు. "కదులుతోందే!"

"అదేనండి. చెప్పానా!"

చెప్పానా అన్న మాట అనకూడదు. ఆవిడ వెంటనే సర్దుకున్నారు.

"ఉండండి. పుండయ్యాకే పురుగు పడుతుంది. నా సర్వీసులో ఎన్ని చూడలేదు! ముందు ఉడుము నాకింది, తర్వాత పురుగు పట్టింది. పుండు ముందా, పురుగు ముందా?"

నిజం చెబుతున్నాను, నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కొండని తవ్వి ఎలుకని పట్టిందే గొప్ప అనుకుంటే, ఎలుకని పట్టాక కూడా కొండదే తప్పంటారేమిటి ఈవిడ? భూతద్దం బల్ల మీద పెట్టేసి లేవబోయాను.

"కూర్చోండి," అన్నారు. ఆవిడ చూపు ఆకు మీదే ఉంది. వేలితో గీతని వెనక్కి వెనక్కి తడుముతూ పోతున్నారు. ఎక్కడ మొదలైందో అక్కడ ఆగారు. మళ్లీ అక్కణ్ణుంచి ముందుకొచ్చారు. ఇలా మూడుసార్లు తిరిగారు.

"అల్లుడు గారూ, ఇది చూశారా? మొదట్లో వెంట్రుక మందం ఉంది. పోను పోను లావయింది. ఇక్కడికొచ్చేసరికి నూలుపోగు మందం."

"అవునండి."

"నాలికైతే ఎక్కడైనా ఒకటే మందం ఉంటది." ఆకుని వెలుగుకి తిప్పారు. "పిల్లలకి నెలనెలా బరువు చూసి కార్డు మీద గీత గీసేవాళ్లం. ఇది అట్టాగే ఉంది. ఇదిగో, ఇక్కడ పుట్టింది. తింటా తింటా ఇక్కడికొచ్చేసరికి ఒళ్లు చేసింది. దాని బతుకంతా ఈ ఒక్క ఆకులోనే గీసుకుంది."

ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఆ గీత కనిపించింది గానీ దాని మందం కనిపించలేదు. పుస్తకంలో లేదు మరి. ఆనందం పట్టలేక గోడ మీది పాత కేలండరు తిప్పి, వెనకవైపు నిలువు గీత గీసేశాను. ఇటు ఉడుము, అటు పురుగు. ఇటు నాలుగడుగులు, అటు నువ్వుగింజంత. ఇటు ఏళ్ల తరబడి ఆయుష్షు, అటు పుట్టి, పెరిగి, ఎగిరి, గుడ్డు పెట్టడానికి మొత్తం కలిపి మూడు నాలుగు వారాలు. ఇది పెరడంతా తిరిగి ఆకు ముట్టదు, అది ఆకు దాటకుండా ఆకంతా తింటుంది.

"తేడాలు బానే ఉన్నాయి," అన్నారు అత్తగారు మంచం మీద కూర్చుని. "పోలికలేవీ?"

పోలికలా! ఆ ప్రశ్న ఏ పిల్లవాణ్ణీ అడగలేదు నేను. ఆలోచించాను. "రెండూ గుడ్డులోంచే వస్తాయండి. ఉడుము ఒంటి మీద పొలుసులు. ఈ పురుగు పెద్దదయ్యాక రెక్కల మీదా పొలుసులే, కంటికి ఆననంత సన్నవి."

"ఇంకోటుంది. రెండూ నన్ను అడక్కుండానే నా పెరట్లో కాపురం పెట్టాయి."

అని ఆవిడ నవ్వారు. నేనూ నవ్వాను. ఇద్దరం కలిసి ఒకే విషయానికి నవ్వడం ఈ ఇంట్లో అరుదు. అప్పుడే ఆటో దిగి వచ్చిన మా ఆవిడ గుమ్మంలో నిలబడిపోయి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

కానీ ఫోన్ సంగతి ఆవిడ ఎత్తలేదు. నేనూ అడగలేకపోయాను. అడిగితే మళ్లీ పట్టు బిగిస్తారేమోనని భయం. శనివారం తెల్లవారేసరికి ఆయన వస్తున్నాడో లేదో నాకు తెలియదు.

లేవగానే అలమర తెరిచాను. సీసా లోపల గాజుకి అంటుకుని రెండు తెల్లటి నలకలు. భూతద్దం పెట్టాను. రెక్కలు! వెండి రేకులో నుంచి కత్తిరించినట్టున్న రెక్కలు, అంచులకి కుచ్చులు, ఒక్కో రెక్క కొసనా ఒక్కో నల్లటి చుక్క. ఇంత అందమైన దొంగని నేను ఎక్కడా చూడలేదు. "అత్తయ్య గారూ!" అని కేకేశాను. ఆవిడ తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చి, సీసా లాక్కుని, ఎంతసేపు చూశారో!

"పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే," అన్నారు. "బుగ్గన చుక్క పెట్టుకుని మరీ పుట్టింది ముద్దుగా. నా కాయలు ఉంటాయా, పోతాయా? అది చెప్పండి ముందు."

"ఉంటాయండి. చెట్టు పెద్దదయింది, లేతాకులే పాడవుతాయి. కాయకేం కాదు."

ఆ మాట పూర్తయిందో లేదో గేటు చప్పుడైంది. వినగడప ఆయన వచ్చేశాడు. భుజాన గోతం, చేతిలో తాడు. అత్తగారు సీసా నా చేతిలో పెట్టి గేటు దగ్గరికి నడిచారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"ఉడుముందన్నారమ్మా."

"ఎవరన్నారు?"

"మీరేనమ్మా, ఫోన్లో."

"అది మంగళవారం మాట. ఇవాళ శనివారం."

ఆయన తెల్లబోయాడు. సరిగ్గా అప్పుడే, ఆ వారమంతా ఎవరి కంటా పడకుండా ఉన్న ఉడుము రాళ్ల కుప్పలో నుంచి బయటికొచ్చింది. దానికి తెలివనేది ఉంటే కదా! ఊగుతూ వచ్చి, బండెక్కి, తోక చాపుకుని, ఎండకి ఒళ్లప్పగించి బోర్లా పడుకుంది. అత్తగారి భుజం మీదుగా ఆయనకది నిలువునా కనిపిస్తోంది.

"మరి అదేంటమ్మా?"

అత్తగారు వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"అది మా ఇంట్లోదే. ఎప్పట్నుంచో ఉంటంది. దాని జోలికి రాబాక."

"చెట్టు నాకి పాడుచేస్తందన్నారు కదమ్మా."

"నేను పొరపాటు పడ్డా. అది పురుగు పని. మా అల్లుడు గారు చూసి చెప్పారు. ఆయన సైన్సు మాస్టారు. ఆయన చెప్పాక ఇంక తిరుగు లేదు. అంత దూరం నుంచి వచ్చావు, కూర్చో, టీ తాగి వెళుదువు."

తలుపు వెనక నేను సీసాని గుండెకి అదుముకుని నిలబడ్డాను. పద్దెనిమిదేళ్లు! ఆ మాట కోసం ఎదురుచూస్తున్నానని నాక్కూడా అంతదాకా తెలియదు. ఆయన టీ తాగి, ఉడుము వంక ఆశగా ఒక చూపు చూసి వెళ్లిపోయాడు. అత్తగారు గేటు గడియ పెట్టి లోపలికొచ్చారు. నన్ను తలుపు వెనక చూసి ఆగారు.

"విన్నారా?"

"లేదండి, అత్తయ్య గారూ."

"మంచిది," అని వంటింట్లోకి వెళ్లిపోయారు.

సీసా సోమవారం బడికి పట్టుకెళ్లాను. ఆ రోజు నుంచి మా తరగతిలో తేడాల పక్కన పోలికలకి కూడా గడి గీయిస్తున్నాను. పిల్లలు తిట్టుకుంటున్నారు.

కోత పండక్కి అత్తగారు బుట్టెడు నిమ్మకాయలు తల ఎత్తుకుని తీసుకెళ్లారు. పచ్చటి కాయల మధ్య వెండి గీతలున్న రెమ్మ ఒకటి కావాలనే పెట్టారు. పాస్టరుగారి భార్య ఆ గీతలేమిటని అడగ్గానే ఇక ఆవిణ్ణి ఆపలేకపోయాం. ఎక్కడ పుట్టేది, ఎలా ఒళ్లు చేసేది, రెక్కకి చుక్క ఎక్కడుండేది, అన్నీ వరసగా చెప్పి, "నేనే సూదితో బయటికి తీశాను" అన్నారు. నా ప్రసక్తి ఎక్కడా రాలేదు. పాటలో ఆ బుట్టని ఎవరు పాడుకున్నారో నేను చెప్పను గానీ, మా ఇంట్లో నెల తిరిగేదాకా పులిహోర, నిమ్మకాయ పప్పు, నిమ్మకాయ పచ్చడి తప్ప వేరే మాట లేదు.

చర్చి నుంచి వచ్చాక బట్టలు మార్చుకుని పెరట్లోకి వెళ్లాను. అత్తగారు నాకంటే ముందే అక్కడున్నారు, నాకు వీపు చేసి. కోళ్ల గంప ఎత్తి, ఒక గుడ్డు తీసి, అటూ ఇటూ చూసి, సెప్టిక్ ట్యాంకు బండ అంచున నెమ్మదిగా పెట్టారు. తిరిగేసరికి నేను.

"పగిలిందిలెండి అది. పారెయ్యడమెందుకని," అన్నారు.

గుడ్డు పగల్లేదు. నున్నగా, ఎండలో మెరుస్తూ ఉంది. రాళ్ల సందులో నుంచి చీలిన నాలుక ఒకటి అప్పుడే బయటికొచ్చి లోపలికి పోయింది.

"ఏంటి, చూశారా?"

"లేదండి, అత్తయ్య గారూ."

"మంచిది," అన్నారు. ఇద్దరం చప్పుడు చెయ్యకుండా పక్కకి తప్పుకున్నాం.